మే నెల తేమ

ఎండాకాలం వచ్చిందంటే ఉప్పలయ్యకు మనుషుల మొహాలు చూడబుద్ధి కాదు. లాలాపేట్‌లో ఇల్లు దాటి, తార్నాక చౌరస్తాలో చాయ్ తాగి, యూనివర్సిటీ గేటు లోపల అడుగు పెట్టేలోపు కనీసం పదిమంది అడ్డం తగులుతారు. బిడ్డ పెళ్లికి పందిరి వేయించేవాడు ఆపుతాడు. మిద్దె మీద వడియాలు పెట్టినామె ఆపుతుంది. ఇంటి మీద రేకులు మార్పించేవాడు ఆపుతాడు. వీళ్లను క్షమించవచ్చు. పందిరీ లేక, వడియాలూ లేక, చాయ్ కొట్టు బల్ల మీద ఊరికే కాళ్లూపుకుంటూ కూర్చున్నవాడు కూడా ఆపుతాడు. కడుపు మండేది అక్కడే.

"ఏం ఉప్పలన్నా, ఇయ్యాల గాలొస్తదా?"

"నాకేం ఎర్క? నేను అయినదాన్ని రాసేటోన్ని. అయ్యేది నాకు చెప్పి అయితదా?"

పంతొమ్మిదేళ్లుగా ఇదే జవాబు. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ విన్నది లేదు. వాన పడితే ఉప్పలయ్య ముందే చెప్పలేదంటారు, పడకపోతే ఉప్పలయ్య ఉండి ఏం లాభమంటారు.

యూనివర్సిటీలో ఒక మూలన ముళ్లతీగ కంచె వేసిన చిన్న జాగా ఉంది. అందులో వాన కొలిచే పాత్ర, గాలి ఏ దిక్కునుంచి వస్తున్నదో చూపే బాణం, గాలికి గిర్రున తిరిగే గిన్నెల యంత్రం, నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లపెట్టె ఉంటాయి. ఆ పెట్టెకు నాలుగు పక్కలా వాలుగా కొట్టిన చెక్క పట్టీలు. లోపల గాలి ఆడుతుంది, ఎండ పడదు. రెండు థర్మామీటర్లు ఉంటాయి. ఒకటి మామూలుది, రెండోదాని కొసకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. రెండింటి అంకెలకూ తేడా ఎంత తక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువన్నమాట. పొద్దున ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి ఇవన్నీ చూసి రిజిస్టరులో రాయడం ఉప్పలయ్య నౌకరీ.

పోలీసు యాక్షన్ అయిన ఏడాది అతను ఇక్కడ తోటమాలిగా చేరాడు. అప్పటి అబ్జర్వర్ పెద్దమనిషి కళ్లు కనబడక, గడ్డి కోస్తున్న ఉప్పలయ్యను పిలిచి అంకెలు చదివించుకునేవాడు. కొన్ని నెలలకే ఆయన పింఛను తీసుకుని వెళ్లాక ఆ పని ఇతనికే వచ్చింది. మొదట ఉర్దూ అంకెల్లో రాశాడు, తర్వాత ఇంగ్లీషు అంకెల్లో రాశాడు. జ్వరమొచ్చినా రాశాడు. తండ్రికి కొరివి పెట్టిన రోజు కూడా స్మశానం నుంచి తడిబట్టలతో నేరుగా వచ్చి ఐదున్నర రీడింగు రాశాడు. అక్క సమ్మక్క ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

అంత నిష్ఠ ఉన్నవాడికి ఇతరుల అశ్రద్ధ కంటపడితే ఒళ్లు మండుతుంది. వాన పాత్రలో సిగరెట్ పీకలు వేసే స్టూడెంట్లను తిడతాడు. కంచె మీద తువ్వాళ్లు ఆరేసే హాస్టల్ వంటవాళ్లను తిడతాడు. గేటుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నది వాళ్ల బాధ పడలేకే.

తాళానికి ఇంకో కారణమూ ఉంది. మే నెల మొదలవగానే ఉప్పలయ్య ఒక మట్టి కూజా తెచ్చుకుంటాడు. దాన్ని బయట ఎక్కడ పెట్టినా స్టూడెంట్లు గటగటా తాగి ఖాళీది వదిలిపోతారు. అందుకని కూజాకు తడిపిన గోనెసంచి చుట్టి, తెల్లపెట్టెలో థర్మామీటర్ల పక్కన పెట్టుకుంటాడు. నీడ ఉంటుంది, నాలుగు పక్కల గాలి తగులుతుంది. మధ్యాహ్నానికి ఆ నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా అవుతాయి. యూనివర్సిటీ మొత్తంలో అంత చల్లని నీళ్లు ఏ ప్రొఫెసరుకూ లేవని అతనికి లోలోపల గర్వం. మే నెల దాటగానే కూజా తీసేస్తాడు. పంతొమ్మిదేళ్ల నుంచి ఇదే వరస.

కొత్తగా వచ్చిన లెక్చరర్ పార్థసారథి ఈ కూజాను చూడలేదు. చిన్నవాడు, పూనాలో వాతావరణ శాస్త్రం చదివి వచ్చాడు. ఆయనకు కంచె లోపలికి రావాల్సిన పని లేదు, రిజిస్టర్లు చాలు. చలికాలమంతా పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాడు. అరవై ఏడు ఏప్రిల్‌లో ఒకరోజు ఉప్పలయ్యను పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఉప్పలయ్యా, నువ్వు రాసినవాటిలో ఎంత విషయం ఉందో నీకు తెలుసా? ప్రతి సంవత్సరం మే మొదటి వారంలో మన క్యాంపస్ మీద తేమ ఉన్నట్టుండి పెరుగుతోంది. బేగంపేట విమానాశ్రయంలో లేదు. ఇక్కడే ఉంది. ఎండలకు ఈ తేమ తోడైతే ఉరుములూ పెద్ద గాలులూ పుడతాయి. ఇక ఎండాకాలపు గాలివాన ఎప్పుడొస్తుందో ముందే చెప్పొచ్చు."

"అచ్ఛా సార్," అన్నాడు ఉప్పలయ్య. తన అంకెలను మెచ్చుకున్నందుకు సంతోషపడ్డాడు. అంతకు మించి ఆలోచించలేదు. మే ఒకటిన అలవాటు ప్రకారం కొత్త కూజా తెచ్చి పెట్టెలో పెట్టాడు.

రెండో తారీఖున తేమ పెరిగింది. పార్థసారథి ఎగిరి గంతేసినంత పని చేసి, డిపార్ట్‌మెంట్ బోర్డు మీదా తార్నాక చాయ్ కొట్టు గోడ మీదా కాగితాలు అంటించాడు. 'నేడు సాయంత్రం బలమైన ఈదురుగాలులు, ఉరుములతో వాన. ప్రజలు జాగ్రత్త పడవలెను.' ప్రజలు జాగ్రత్త పడ్డారు. వడియాలు లోపలికి పోయాయి, పందిళ్లకు ఎక్కువ తాళ్లు కట్టారు. సాయంత్రం ఆకు కదలలేదు. మూడో తారీఖున ఇంకో కాగితం, ఆకు కదలలేదు. నాలుగు, ఐదు, ఆరు. ఎండ మాత్రం నెత్తి మాడ్చేస్తోంది. చాయ్ కొట్టులో జనం నవ్వడం మొదలుపెట్టారు, అదీ ఉప్పలయ్యను చూసి.

"నేను పెట్టలే కాగితం! ఆ సారు పెట్టిండు! మీకు చదువొస్తది గద, కింద ఆయన దస్తకత్ కనిపిస్తలేదా?"

ఇదంతా నవ్వులాటగానే పోయేది, సమ్మక్క లేకపోతే. సమ్మక్కా ఆమె భర్త రాజలింగూ ఆ ఏడు యూనివర్సిటీ మామిడితోటను గుత్తకు పట్టారు. ఇరవై ఎనిమిది చెట్లు, అన్నీ బేనిషాన్లు. తోటలోనే గుడిసె వేసుకుని పూత నాటి నుంచి కాపలా కాశారు. ఈ పంట చేతికొస్తేనే వాళ్లకు ఏడాది గడిచేది. రెండేళ్ల కింద వేరే తోట పడితే ఒక్క సాయంత్రపు గాలికి మొత్తం నేల రాలింది. కాయ చెట్టునుంచి కోస్తే గడ్డిలో వేసి మాగబెట్టవచ్చు. గాలికి కిందపడి దెబ్బ తగిలిన కాయ మగ్గదు, మురుగుతుంది. ఆ ఏడాది సమ్మక్క రాళ్లు కొట్టే పనికి పోయింది. అందుకే ఇప్పుడు ఆకు అల్లాడితే ఆమె గుండె అల్లాడుతుంది.

మే నాలుగున ఆమె కాగితం సంగతి విని, చిక్కం కట్టిన గడలు తీసి కోత మొదలుపెట్టబోయింది. కాయ ఇంకా ముదరలేదు. ఉప్పలయ్య ఉరికి వచ్చి ఆమె చేతిలోని గడ గుంజుకున్నాడు.

"ఏంది అక్కా, పాగలైనవా? లేత కాయ తెంపుతె ఎవడు కొంటడు? ఆ సారు పుస్తకాలు సదివిండు, గాలిని సూడలే. ఇరవై తారీఖు దాక ఆగు."

"మల్ల గాలొస్తే?"

"వస్తె నేన్ చెప్తగద! పంతొమ్మిదేండ్లసంది గాలిని సూస్తున్న. నేనా ఎక్కువ, ఆయనా?"

సమ్మక్క గడ కింద పెట్టింది. కాచిగూడ వ్యాపారికి ఇరవైన బండి తెమ్మని కబురు చేసింది.

పదమూడున కూజా అడుగు పగిలింది. నీళ్లన్నీ కారిపోయాయి. ఉప్పలయ్య కుమ్మరిని తిట్టుకుంటూ పెంకులు ఏరి పారేశాడు. వీలు చూసుకుని లాలాగూడ పోయి ఇంకోటి తేవాలనుకున్నాడు. పద్నాలుగు పొద్దున పెట్టె తెరిచి థర్మామీటర్లు చూస్తే తేమ సగానికి పడిపోయి ఉంది. మళ్లీ చూశాడు. తడిగుడ్డ ఎండిందేమో అనుకున్నాడు, ఎండలేదు. పదిహేనునా అంతే. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పాత రిజిస్టర్లు తీశాడు. అరవై ఆరు మే, అరవై అయిదు మే, అరవై నాలుగు మే. ఏప్రిల్ ముప్పైన ఒక తీరు, మే ఒకటి తర్వాత ఇంకో తీరు. పార్థసారథికి కనబడ్డ ఆ విచిత్రమైన తేమ ఎక్కడి నుంచి వచ్చిందో ఉప్పలయ్యకు అప్పుడు తెలిసింది. అది బంగాళాఖాతం నుంచి రాలేదు. గోనెసంచి నుంచి వచ్చింది.

అతను రిజిస్టర్లు మూశాడు. సిగరెట్ పీకలకు స్టూడెంట్లను ఎన్ని తిట్లు తిట్టాడు! ఒకసారి తువ్వాలు ఆరేసినందుకు హాస్టల్ వంటమనిషి మొగిలిని కాలర్ పట్టుకుని లాగాడు. చెప్పాలనుకున్నాడు. చెబితే నౌకరీ ఉంటుందా అని భయం వేసింది. నౌకరీ పోయినా బతకొచ్చు, 'ఉప్పలయ్య రాసిందంటే రాసిందే' అన్న పేరు పోతే ఏం మిగులుతుందనిపించింది. నోరు మూసుకున్నాడు.

పదిహేడు పొద్దున ఎనిమిదిన్నరకు పెట్టె తెరిచాడు. తేమ బాగా పెరిగి ఉంది. పెట్టెలో థర్మామీటర్లు తప్ప ఏమీ లేదు. అయినా చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమాడు. బయట బాణం చూశాడు. నెల రోజులుగా వాయవ్యం వైపు చూస్తున్నది తూర్పుకు తిరిగి నిలబడింది. రిజిస్టర్లుండే గదిలోకి పోయి, గాలి ఒత్తిడి చూపే బారోమీటర్ చూశాడు. అదీ దిగింది. పంతొమ్మిదేళ్లలో ఈ మూడూ ఒకేరోజు ఇలా కలిసిరావడం అతను రెండుసార్లే చూశాడు. రెండుసార్లూ చెట్లు వేళ్లతో లేచిపోయాయి.

రిజిస్టరు చంకన పెట్టుకుని పార్థసారథి గదికి పరుగెత్తాడు.

"సార్, ఇయ్యాల గాలి వస్తది. కాగితం పెట్టున్రి."

పార్థసారథి తల కూడా ఎత్తలేదు. "చాలు ఉప్పలయ్యా. తొమ్మిది కాగితాలు పెట్టాను. నిన్న హెడ్ గారు పిలిచి, ఇక బోర్డు మీద ఏమీ అంటించొద్దన్నారు. తార్నాకలో బస్సు దిగితే పిల్లలు కూడా నన్ను చూసి గొడుగు పడుతున్నట్టు చేతులు పెడుతున్నారు. తేమ పెరిగితే రాదు, తగ్గితే రాదు. నాకు విసుగొచ్చింది."

"అవి తప్పు రీడింగులు సార్. ఇది కరెక్టు."

"ఏవి తప్పు?"

ఉప్పలయ్య రిజిస్టరును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "మే నెలవి. పెట్టెల నా నీళ్ల కూజ పెడుత సార్. తడి గోనె సుట్టి. సల్లగుంటయని."

పార్థసారథి పెన్ను కింద పెట్టాడు.

"ఈ ఏడాదేనా?"

"ప్రతి ఏడు సార్."

"పంతొమ్మిది మే నెలలు?"

"అవు సార్."

"నేను నలభై పేజీలు రాశానయ్యా!" పార్థసారథి లేచి నిలబడ్డాడు. "బేగంపేటలో లేని తేమ క్యాంపస్‌లోనే ఎందుకు ఉందో నలభై పేజీలు! చెట్ల వల్ల అని రాశాను. పూనాకు పంపడానికి టైపు కూడా చేయించాను. నువ్వు తాగే నీళ్ల మీద, ఉప్పలయ్యా! నువ్వు తాగే నీళ్ల మీద సిద్ధాంతం కట్టాను!"

"తిట్టున్రి సార్, సాయంత్రం దాక తిట్టున్రి. గని ఇయ్యాల పెట్టెల ఏం లేదు. మా అక్క తోట ఇంకా చెట్ల మీదనే ఉన్నది."

పార్థసారథి రిజిస్టరు లాక్కున్నాడు, కోపంతోనే చూశాడు. చూస్తూ చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ అడిగాడు, ఈసారి మెల్లగా, "బాణం తూర్పుకా?" ఉప్పలయ్య తలూపాడు. పార్థసారథి ఒక కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. హెడ్ గారి మాట సంగతి తర్వాత చూసుకుంటానన్నాడు. ఆ కాగితాన్ని తార్నాకలో అంటిస్తే, గోడ ముందు నిలబడి పదిమంది కడుపు పట్టుకుని నవ్వారు.

ఉప్పలయ్య తోటకు పోయేసరికి సమ్మక్క చెట్టు కింద తమలపాకుకు సున్నం రాస్తోంది.

"అక్కా, లేవు. తెంపాలె. సాయంత్రం లోపట మొత్తం తెంపాలె."

ఆమె అతన్ని కింది నుంచి మీదికి చూసింది. "ఇంక మూడు దినాలకు బండొస్తది. నువ్వే గద ఆగుమన్నది? ఆ సారు మాట ఇనకుమని గడ గుంజుకున్నది నువ్వే గద?"

"అప్పుడు తప్పు. ఇప్పుడు నిజం."

"ఎట్ల?"

రాజలింగు ఉన్నాడు. కాయలు ఏరడానికి వచ్చిన కూలి ఆడవాళ్లు నలుగురున్నారు. వాళ్లందరి ముందూ ఉప్పలయ్య మళ్లీ కూజా సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. సమ్మక్క నవ్వలేదు.

"అంటే పదిహేను దినాలు ఆ సారును పిచ్చోన్ని చేసినవ్. నన్ను పిచ్చిదాన్ని చేసినవ్. సల్లటి నీళ్ల కోసం." ఆకు పారేసి లేచింది. "నాయిన పోయిననాడు ఏడుస్తున్న నన్ను ఇడిసిపెట్టి గా పెట్టె కాడికి ఉరికినవ్. గా పెట్టెల రాసిందే అబద్ధమా తమ్మీ?"

ఉప్పలయ్యకు ఏడుపొచ్చింది. "అబద్ధమే అక్కా. మే నెలల మట్టుకు అబద్ధమే. ఇయ్యాలటిది నిజం. నమ్ము, నమ్మకపో, నేనైతె ఎక్కుతున్న." లుంగీ ఎగ్గట్టి, యాభై రెండేళ్ల ఒంటితో దగ్గరున్న చెట్టెక్కడం మొదలుపెట్టాడు.

సమ్మక్క చీరచెంగు నడుముకు చుట్టింది. తర్వాత రాజలింగును కసిరింది, "ఏంది సూస్తవ్, గడ తియ్!"

ఎండలో అందరూ కోశారు. ఉప్పలయ్య కొమ్మల మీద, రాజలింగు గడతో కింద, ఆడవాళ్లు గంపలతో గుడిసె వెనక రాతి గోడౌనుకు. మధ్యాహ్నం రెండింటికి పది చెట్లయ్యాయి. నాలుగింటికి పద్దెనిమిదయ్యాయి. ఆకాశం అద్దంలా ఉంది. "గాలేది?" అని ఒకామె అడిగింది. ఉప్పలయ్య ఇంకో చెట్టు ఎక్కాడు. ఐదింటికి మౌలాలి గుట్ట వైపు ఆకాశం మట్టి రంగుకు తిరిగింది. పిట్టలు అరవడం మానేశాయి.

ఇరవై మూడో చెట్టు మీద ఉండగా ఉప్పలయ్య జేబు గడియారం తీసి చూశాడు. ఐదూ పదిహేను. కంచె దగ్గరికి నడక పావుగంట. ఆ చిన్న స్టేషన్లో గాలి వేగాన్ని తనంతట తాను రాసుకునే యంత్రం లేదు. మనిషి గిన్నెల యంత్రం దగ్గర నిలబడి, మూడు నిమిషాలు చూసి లెక్క కట్టాల్సిందే. చూడకపోతే ఆ గాలి ఎంతో ఎవరికీ తెలియదు.

కింద సమ్మక్క గోనెసంచి పట్టుకుని తలెత్తి చూస్తోంది. అతని చేతిలో గడియారం ఆమెకు కనబడింది.

"యాల్లయిందా?" అంది. "పో. నీ నౌకరి నువ్వు చేస్కో."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే అతను దిగలేకపోయాడు. గడియారం జేబులో వేసి పై కొమ్మకు చెయ్యి చాపాడు.

గాలి వచ్చిందనడానికి లేదు, మీద పడింది. మట్టి, ఆకులు, ఎక్కడివో రేకులు, ఎవరిదో పంచె. ఉప్పలయ్య కొమ్మను కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. రాజలింగు కాళ్లు పట్టి కిందికి లాగితే దొర్లుకుంటూ గోడౌనులో పడ్డాడు. ఉరుముల మధ్య, బయట కోయకుండా మిగిలిన ఐదు చెట్ల కాయలు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. సమ్మక్క గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింది. లోపల ఇరవై మూడు చెట్ల కాయ నడుముల దాకా కుప్ప పోసి ఉంది. కాస్త లేతవే, ధర కొంచెం తక్కువే పలుకుతాయి, కానీ దెబ్బ తగలనివి. ఆమె వంగి ఒక కాయను చీరచెంగుతో తుడిచింది.

"నాలుగో తారీఖు నన్ను ఆపకుంటె మొత్తం దక్కేది," అంది. తర్వాత తమ్ముడి మోచేతికి కారుతున్న నెత్తురును అదే చెంగుతో తుడిచింది.

వాన వెలిసేసరికి ఆరున్నర. ఇంకా వెలుతురుంది. దారిలో పెద్ద పెద్ద చెట్లు అడ్డంగా పడ్డాయి. ఉప్పలయ్య కంచె దగ్గరికి వచ్చేసరికి పార్థసారథి తాళం వేసిన గేటు పట్టుకుని, నెత్తి నుంచి నీళ్లు కారుతుండగా నిలబడి ఉన్నాడు.

"వచ్చింది, ఉప్పలయ్యా! చెప్పిన రోజే వచ్చింది! వేగం ఎంత? నేను గంట నుంచి ఇక్కడే ఉన్నాను, తాళం రాదు, ఆ అంకెలు ఇక్కడికి కనబడవు. నువ్వు ఎక్కడి నుంచి చూశావు?"

"నేను చూడలే సార్. తోటల ఉన్న."

పార్థసారథి గేటు వదిలేశాడు. "పంతొమ్మిదేళ్లు రోజూ చూశావు. ఇవాళ చూడలేదు."

"చూడలే సార్."

గదిలోకి పోయి ఉప్పలయ్య రిజిస్టరు తెరిచాడు. పార్థసారథి అతని వెనకే వచ్చి బల్ల మీదికి వంగాడు. "వంద అని వెయ్యి. గంటకు వంద కిలోమీటర్లు. ఆ చెట్లు చూస్తే అంతకు తక్కువుండదు. ఎవరూ కాదనరు. నా పేపర్‌కు ఈ ఒక్క అంకైనా మిగలనీ."

ఉప్పలయ్య పెన్నులో సిరా నింపుకున్నాడు. సాయంత్రం ఐదున్నర గడిలో 'చూడలేదు' అని రాశాడు. పక్కన కారణం రాసే గడిలో 'అబ్జర్వర్ మామిడితోటలో ఉన్నాడు' అని రాసి, నిండుగా సంతకం పెట్టాడు. పార్థసారథి నెత్తి కొట్టుకున్నాడు. ఉప్పలయ్య వెనక్కి పేజీలు తిప్పి, మే ఒకటి నుంచి ఒక్కొక్క అంకె పక్కన 'నమ్మరాదు' అని రాయడం మొదలుపెట్టాడు.

పార్థసారథి పదమూడో తారీఖు అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బీరువా తెరిచి, అన్నిటికంటే అడుగున ఉన్న, ఉర్దూ అంకెల నలభై తొమ్మిది నాటి రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు.

"ఇది కూడానా?" అన్నాడు.

"అది గూడ సార్," అన్నాడు ఉప్పలయ్య.